లక్ష్మీదేవి గారికి పింఛను మంజూరైనది

భారత సైన్యంలో ఒక్కో సర్వీసు నంబరు మీద ఇద్దరేసి మనుషులుంటారు. ఒకడు కార్గిల్‌లో మంచు తొక్కి, జైసల్మేర్‌లో ఇసుక మింగి, పదిహేడేళ్లకు నల్ల ట్రంకుపెట్టెతో ఊరికి వస్తాడు. రెండోవాడు కాగితాల రూపంలో, దళానికొకటి చొప్పున ఉండే రికార్డ్ ఆఫీసు బీరువాలో ఉంటాడు. ఫిరంగి దళమైతే నాసిక్ రోడ్‌లో, మద్రాస్ రెజిమెంటైతే వెల్లింగ్టన్‌లో, సిగ్నల్స్ అయితే జబల్‌పూర్‌లో, సైన్యం బళ్లు, యంత్రాలు బాగుచేసే ఈఎంఈ అయితే మన సికింద్రాబాద్‌లోనే. ఈ ఇద్దరిలో ఎవరు అసలు, ఎవరు నకలు అన్న విషయంలో సర్కారుకు ఏనాడూ సందేహం లేదు. పింఛను బీరువాలో ఉన్నవాడిది. ఊళ్లో ఉన్నవాడు అతని తరఫున తెచ్చుకుంటున్నాడు, అంతే.

కాబట్టి బీరువాలోని వాడితో పోలిక కుదరని జవాన్లు తమను తాము సరిదిద్దుకోవాలి. ఇందులో తెలుగువాడికి ఆదిలోనే హంసపాదు. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తిగా ముందు, పాన్‌లో పూర్తిగా వెనక, సర్వీసు రికార్డులో అసలు లేనే లేదు. నలుగురూ ఒక్కడేనని తల్లి చెబుతుంది గానీ ఆమె గెజిటెడ్ అధికారి కాదు.

భార్య సంగతి ఇంకా రసవత్తరం. పెళ్లయ్యాక జవాను యూనిట్‌లో పార్ట్ టూ ఆర్డర్, అంటే సర్వీసు రికార్డులో మార్పు ఎక్కించే ఉత్తర్వు, వేయిస్తాడు. అది పడితేనే పెళ్లి అయినట్టు లెక్క, మూడు ముళ్ల సంగతి తర్వాత. ఉత్తరాది క్లర్కుకు పెళ్లయిన ఆడమనిషి పేరు చివర దేవి తగిలించకపోతే చెయ్యి ఆడదు. మిలిటరీ మాధవరం నుంచి కాపురానికెళ్లిన లక్ష్మి ఆ సాయంత్రానికి లక్ష్మీదేవి అవుతుంది. ముప్పై ఏళ్లు ఈ దేవిగారు ఎవరి జోలికీ రాదు. హవల్దారు గారు కన్నుమూసిన మర్నాడు మాత్రం కుటుంబ పింఛను కోసం నిలబడుతుంది. లక్ష్మి పక్కన ఏడుస్తూ ఉంటుంది.

దేవిగారిని సాగనంపే విధానం ఇది. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా రికార్డ్ ఆఫీసుకు దరఖాస్తు వెళ్లాలి. దానికి డిశ్చార్జ్ బుక్ నకలు, పీపీఓ (పింఛను చెల్లింపు ఉత్తర్వు) నకలు, ఇద్దరి ఆధార్, పాన్, జంట ఫోటో జతచేయాలి. రెండు పేర్లూ ఒకే మనిషివని అఫిడవిట్ కావాలి. పేరు బాగా తేడాగా ఉంటే నోటరీ చాలదు, ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు ముందు ప్రమాణం చేయాల్సి వస్తుంది. రెండు పత్రికల్లో ప్రకటన వేయించాలి, ఒకటి ఇంగ్లిషులో, ఒకటి తెలుగులో. భర్త కూడా ఎప్పుడూ సరిగ్గా పలకని పేరును జిల్లా అంతా చదివేలా అచ్చేయించడమన్నమాట. రికార్డ్ ఆఫీసు ఒప్పుకుంటే మళ్లీ పార్ట్ టూ ఆర్డర్ పడుతుంది. కేసు ప్రయాగ్‌రాజ్‌లోని రక్షణ పింఛన్ల కార్యాలయానికి వెళ్తుంది, అక్కడినుంచి సవరణ పీపీఓ వస్తుంది.

ఎక్కడ చెడుతుందో కూడా చెప్పుకోవాలి. జవాను నంబరు చివర ఒక ఇంగ్లిషు అక్షరం ఉంటుంది. అది అలంకారమని టైపిస్టు వదిలేస్తాడు. నిజానికి అంకెలు తప్పు పడ్డాయో లేదో పట్టించేది ఆ అక్షరమే. అది లేని అఫిడవిట్‌ను రికార్డ్ ఆఫీసు అనాథగా చూస్తుంది. ప్రకటనలో నంబరు, ర్యాంకు వేయకుండా 'నా పేరు మార్చుకున్నాను' అని మాత్రం వేయిస్తే ఆ డబ్బు పత్రికకు విరాళం. సవరించాల్సిన పేరులోనే పత్రికవాళ్లు అచ్చుతప్పు చేస్తే అప్పుడు మూడో ఆవిడ తయారవుతుంది. ప్రూఫు చూడకుండా డబ్బు కట్టకండి.

అడ్డదారి ఒకటుంది. రికార్డును మార్చే బదులు ఆధార్‌నే రికార్డుకు తగ్గట్టు మార్చుకోవడం. ఒకటి రెండు అక్షరాల తేడా అయితే ఇదే తెలివైన పని, పెన్షనరు బతికుండగానే చేస్తే మరీ మంచిది. రక్షణ పింఛన్లు నడిపే స్పర్శ్ పోర్టల్ కూడా పీపీఓ, ఆధార్, పాన్ మూడూ ఒకే పాట పాడాలనే అంటుంది. కానీ ఆధార్‌లో పేరు మార్పుకు జీవితకాలంలో రెండే అవకాశాలు, పుట్టినతేదీకి ఒక్కటే. మీసేవలో కుర్రాడు తొందరపడి ఒకటి కాల్చేస్తే మిగిలింది ఒక్క తూటా. పైగా పేరు మారాక పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు ఖాతా కొత్తగా అలుగుతాయి.

పుట్టినతేదీ వైపు వెళ్దాం. పాత పీపీఓల్లో చాలావాటిలో భార్య పుట్టినతేదీ గడి ఖాళీ. భర్త సర్వీసులో ఉన్నప్పుడు ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. కుటుంబ పింఛనుకు 80 ఏళ్లు నిండితే 20 శాతం అదనం, 85కు 30, 90కి 40, 95కు 50, నూరేళ్లకు నూటికి నూరు. గడి ఖాళీగా ఉన్న ముసలమ్మకు సర్కారు దృష్టిలో ఎనభై నిండే యోగమే లేదు. నిత్యయవ్వనం ప్రసాదించి డబ్బు ఆపేస్తారు. తేదీ ఎక్కించమని ఆధార్ పెడితే అందులో జనవరి 1 ఉంటుంది, ఊళ్లో సగంమందిలాగే. అయినా పెట్టండి, ఖాళీ గడి కంటే నయం. బతికున్న పెన్షనర్లు ఈ రోజే పీపీఓ తీసి ఆ గడి చూసుకోవాలి.

వైకల్య పింఛనులో మాత్రం రికార్డు మౌనం మనకు మేలు చేస్తుంది. చేరేటప్పుడు వైద్య పత్రాల్లో ఏ జబ్బూ రాయలేదంటే మనిషి ఆరోగ్యంగా చేరినట్టేనని, తర్వాత వచ్చింది సర్వీసు వల్ల కాదని నిరూపించే భారం సైన్యానిదేనని ధరమ్‌వీర్ సింగ్ కేసులో 2013లో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకని మెడికల్ బోర్డుకు వేరే నైపుణ్యం అబ్బింది: వైకల్య శాతాన్ని 15–19 మధ్య నిలపడం. 20 పడితే, శాతాన్ని పై మెట్టుకు సర్దే రౌండింగ్ ఆఫ్‌లో 50 అవుతుంది మరి. కాదనిపించుకున్నవాళ్లకు సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉంది. పాతికేళ్ల తర్వాత తీరిగ్గా వెళ్తే గెలిచినా చాలా కేసుల్లో బకాయి మూడేళ్లకే పరిమితం చేశారు.

పాతికేళ్లంటే గుర్తొచ్చింది, పింఛను లేకుండా బయటికొచ్చినవాళ్ల పత్రాలను ఆ గడువు దాటాక ధ్వంసం చేయొచ్చని నిబంధన. మిగిలేది లాంగ్ రోల్ అనే పేర్ల పట్టీలో ఒక వరుస. కాబట్టి డిశ్చార్జ్ రోజున కమాండర్‌తో ఫోటో దిగడానికి ముందే రిలీజ్ మెడికల్ బోర్డు కాగితాల నకలు అడిగి పుచ్చుకోండి. డిశ్చార్జ్ బుక్‌లో కూతురి పుట్టినతేదీ, భార్య పేరు వేలు పెట్టి చదవండి. తప్పుంటే యూనిట్ క్లర్కు దగ్గరే సరిచేయించండి, అక్కడ ఒక టీ ఖర్చుతో పోయేది తర్వాత రెండు పత్రికలు, ఒక మేజిస్ట్రేటు అడుగుతుంది. డిశ్చార్జ్ బుక్ మీద ప్రేమతో లామినేషన్ మాత్రం చేయించకండి. సైనిక సంక్షేమ కార్యాలయం ముద్ర ప్లాస్టిక్ మీద నిలవదు.