ఆ బోట్లు లాక్కున్నవి కావు, సబ్‌మెరైన్లను ముంచినవీ కావు

"మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా నేవీ కోటీశ్వరుల మోటార్ బోట్లను బలవంతంగా లాక్కుంది, వాటితోనే జర్మన్ సబ్‌మెరైన్లను ముంచింది, తర్వాత ఒక్కటీ తిరిగివ్వలేదు" అని ఒక పోస్టు తెగ తిరుగుతోంది. ఇందులో ఏ ముక్కా నిజం కాదు.

యుద్ధం వస్తే బోటు తీసుకుని తగిన పరిహారం ఇచ్చేలా యజమానులతో ఒప్పందం చేసుకోవచ్చని 1916 ఆగస్టు 29 నాటి నౌకాదళ చట్టంలోనే ఉంది. యజమానులు తీర రక్షణ రిజర్వులో (అవసరమైతే పిలిచే అదనపు దళంలో) చేరే వీలు కూడా అందులోనే కల్పించారు. అమెరికా యుద్ధంలోకి దిగింది 1917 ఏప్రిల్ 6న. నేవీ కొన్నింటిని కొన్నది, కొన్నింటిని లీజుకు తీసుకుంది, అదీ చాలాసార్లు నామమాత్రపు 1 డాలరుకే. బోటుతో పాటు తామూ డ్యూటీకెక్కిన యజమానులున్నారు. ఇష్టపడి వెళ్లినవాళ్లను దోపిడీకి గురైనవాళ్లుగా చూపించడం అన్యాయం.

ఇక సబ్‌మెరైన్లు. ఈ మోటార్ బోట్లు ఒక్క సబ్‌మెరైన్‌నూ ముంచలేదు. వాటిలో చాలావాటి మీద ఉన్నది 37 మిల్లీమీటర్ల చిన్న ఫిరంగి, ఒకటో రెండో మెషిన్ గన్లు. 1918 మేలో అమెరికా తీరానికి వచ్చిన జర్మన్ సబ్‌మెరైన్ యూ-151కి 150 మిల్లీమీటర్ల ఫిరంగులున్నాయి. జూన్ 2న ఒక్కరోజే అది ఆరు ఓడలను ముంచేసింది. ఈ చిన్న చెక్క బోటు దానికి ఎదురెళ్లి ఏం చేయగలదు? వాటి పని వేరు. రేవు ముఖం దగ్గర కాపలా, సబ్‌మెరైన్లకు అడ్డంగా కట్టిన ఇనుప వలల రక్షణ, వచ్చే పోయే ఓడల తనిఖీ, ఉత్తరాల చేరవేత. కాళ్ల కింద పెట్రోలు ఇంజిన్, చిన్న నిప్పురవ్వ పడినా బోటు మొత్తం అంటుకుంటుంది. అలా కాలిపోయినవీ ఉన్నాయి. ఆ టెన్షన్‌లో రాత్రంతా గస్తీ తిరగడం తక్కువ పనేమీ కాదు.

ఈ పుకారు బహుశా 'క్రిస్టాబెల్' నుంచి పుట్టి ఉంటుంది. అది మోటార్ బోటు కాదు, నేవీ కొన్న పెద్ద ఆవిరి యాట్, అంటే విలాస నౌక. 1918 మే 21న ఫ్రాన్స్ తీరంలో యూసీ-56 అనే జర్మన్ సబ్‌మెరైన్ మీద డెప్త్ ఛార్జీలు (నీటి లోపల పేలే బాంబులు) వేసింది. ఆ సబ్‌మెరైన్ మునగలేదు, దెబ్బతిని స్పెయిన్‌లోని సాంటాండర్ రేవుకు చేరింది. పేలుడు అదురుకు యాట్ మీదున్న మిగతా ఛార్జీలు ఊడి డెక్ మీద దొర్లుతుంటే డేనియల్ సల్లివాన్ అనే అధికారి వాటి మీద పడి పట్టుకున్నాడు. అందుకే ఆయనకు అమెరికా అత్యున్నత సైనిక పురస్కారం మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చారు.

తిరిగివ్వలేదన్న మాటా అబద్ధమే. 1918 నవంబరులో కాల్పులు ఆగాక లీజు బోట్లను యజమానులకు అప్పగిస్తూ వచ్చారు. తాను డబ్బిచ్చి కొన్నవాటినే నేవీ తర్వాత అమ్ముకుంది.