డాలు ఎవరు పట్టాలి? సరిహద్దు యువతకు కొన్ని సూచనలు

పిల్లవాణ్ణి బరంపురంలో చదివించాలా, శ్రీకాకుళం పంపాలా అన్న చర్చ ఆంధ్ర–ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడి ఇళ్లలో పాతబడిపోయింది. ఇప్పుడు కుర్రాళ్లకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న వేరే ఉంది. ఆన్‌లైన్ ఆట అయిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో ట్యాంకుగా దిగదలచినవాడు వారియర్ కావాలా, పాలడిన్ కావాలా, డ్రూయిడ్, డెత్ నైట్, మాంక్, డీమన్ హంటర్‌లలో ఒకటి కావాలా? ఆరింటికీ వీడియోలు చూస్తున్నారు, పట్టికలు రాసుకుంటున్నారు. డిగ్రీలో సబ్జెక్టులు మాత్రం పక్కింటి కుర్రాడు ఏవి తీసుకుంటే అవే తీసుకున్నారు. ఇంత గంభీరమైన విషయాన్ని పెద్దలు పట్టించుకోకపోవడం శోచనీయం కనుక నేను పూనుకోవలసి వచ్చింది.

ముందు ఉద్యోగ స్వభావం చెప్పాలి. రాక్షసులు కాపురముండే డంజన్‌లోకి ఐదుగురు వెళ్తారు. ముగ్గురు కొడతారు, ఒకరు గాయాలు మాన్పుతారు, మిగిలిన ఒక్కడు ముందు నిలబడి అందరికీ తగలవలసిన దెబ్బలు తానే తింటాడు. రాక్షసుడి కోపం ఎప్పుడూ తన మీదే ఉండేలా చూసుకోవాలి. దీన్నే ఏగ్రో పట్టడం అంటారు. గెలిస్తే కొట్టినవాళ్ల గొప్ప, ఓడితే ట్యాంకు తప్పు. జీతం లేదు, పైగా నెలనెలా మనమే ఆట నడిపే కంపెనీకి చందా కట్టాలి.

ఇంత మంచి కొలువుకు జనం ముందుకు రావడం లేదట! 2009 చివర్లో ఆటే మనుషుల్ని జతచేసి డంజన్‌కు పంపే ఏర్పాటు వచ్చాక సంగతి బయటపడింది. కొట్టేవాళ్లు క్యూలో పడిగాపులు కాస్తుంటే ట్యాంకుకు వెంటనే పిలుపు వస్తుంది. 2011లో కంపెనీ ఇంకో మెట్టు దిగి, కొరతగా ఉన్న పాత్రలో చేరినవాళ్లకు బహుమతుల సంచీ ప్రకటించింది. అయినా కొరత తీరలేదు. వెతకవలసిన చోట వెతకకపోతే ఎలా తీరుతుంది?

మనం పుట్టుకతోనే ట్యాంకులం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది, కూతవేటు దూరంలోని పాతపట్నం ఇటే ఉండిపోయింది. అప్పట్నుంచి ఈ ఆఫీసులో మనం ఆంధ్రావాళ్లం, ఆ ఆఫీసులో ఒడిశావాళ్లం. రెండు వైపుల ఏగ్రో మన మీదే. ఓర్పు సంగతికి వస్తే, ఈ ఆట మొదలైన 2004లోనే మన నౌపడా–గుణుపురం నేరోగేజి బండి ఆగింది. బ్రాడ్‌గేజి గుణుపురం చేరేసరికి 2011 వచ్చింది. ఈలోగా వాళ్ల ఆటకు మూడు విస్తరణలు వెలువడ్డాయి. అటువంటి ప్లాట్‌ఫారం మీద నిలబడ్డవాణ్ణి ఏ డ్రాగన్ కదిలించగలదు?

ఇంకా పై చదువు కావాలంటే కోరాపుట్ సరిహద్దులో, రెండు రాష్ట్రాలూ మావంటే మావనే కొఠియా గ్రామాలున్నాయి. ఆటలో పెద్ద బాసుల (రాక్షస నాయకుల) దగ్గర ఇద్దరు ట్యాంకులు ఉంటారు. ఒకరు బాగా దెబ్బ తినగానే రెండోవాడు టాంట్ (రెచ్చగొట్టే విద్య) కొట్టి బాసును తనవైపు తిప్పుకుంటాడు. వంతు లేకుండా ఇద్దరూ ఒకేసారి టాంట్ కొడితే బాసు అటూ ఇటూ గిరగిరా తిరుగుతాడు, వెనకున్నవాళ్లు నలిగిపోతారు. కొఠియాలో రెండు రాష్ట్రాలూ దశాబ్దాలుగా చేస్తున్నది ఇదే. 2021లో ఆంధ్ర అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా సుప్రీంకోర్టుకు వెళ్లింది. టాంట్ ప్రభావం ఆటలో మూడు సెకన్లే, ఇక్కడ తరాలు.

ఇక క్లాసులు, అంటే ఆటలో ఎంచుకునే వీరుల రకాలు. వారియర్ పాతకాపు. పెద్ద రాక్షసుల మీదికి నలభై మంది కలిసి రెయిడ్‌కు వెళ్లే తొలిరోజుల్లో అందరికన్నా ముందు నిలబడింది ఎక్కువగా అతనే. దెబ్బ తగిలిన కొద్దీ కోపం పెరుగుతుంది, ఆ కోపంతోనే డాలు లేస్తుంది. బీపీ ఉన్నవాళ్లు దూరంగా ఉండాలి.

డ్రూయిడ్ ఎలుగుబంటిగా మారి పోరాడతాడు. డాలు పట్టడం రాదు, దెబ్బను ఆయుధంతో కాచుకోవడం రాదు, మందపాటి తోలే ఆధారం. ఆటలోకి వెళ్లి ఎలుగు కావడంలో పట్నంవాళ్లకు సరదా ఉంటుందేమో. జీడితోటల్లోకి నిజం ఎలుగులు దిగే ప్రాంతంవాళ్లం, మనకెందుకు?

డెత్ నైట్ 2008లో వచ్చాడు. ముందు దెబ్బ తినాలి, తర్వాత డెత్ స్ట్రైక్ కొట్టాలి. గడిచిన ఐదు సెకన్లలో జరిగిన నష్టాన్ని లెక్కగట్టి అప్పటికప్పుడే కొంత ఆరోగ్యం తిరిగి ఇస్తారు. పంచనామా లేదు, ఫొటోలు లేవు, బ్యాంకు పాసుపుస్తకం జిరాక్సు లేదు. తిత్లీ తుపాను చూసిన ప్రాంతంలో ఇది చెబితే ఎవరూ నమ్మరు. ఐదు సెకన్లలో నష్టపరిహారం వస్తుంది కనుకే ఇలాంటి ఆటల్ని కాల్పనికం అన్నారు.

2012 నాటి మాంక్‌ది ఇంకో విద్య. తగిలిన దెబ్బలో కొంతే ఇప్పుడు, మిగతాది పది సెకన్ల వాయిదాల మీద. మధ్యలో ఒక గుక్క మద్యం వేసుకుంటే బాకీలో కొంత మాఫీ! ఆర్థికశాస్త్రం ఇంత సులభంగా ఏ కాలేజీలోనూ చెప్పరు. మా మేనల్లుడు ఇదే ఖాయం చేసుకున్నాడు గానీ మా అక్క అడ్డుపడింది.

"ఏటి తాగుతున్నాడ్రా ఆడు?"

"అది ఆటలోనే అమ్మా."

"అలవాటు అలాగే మొదలవుతాది."

2016లో దిగిన డీమన్ హంటర్ కళ్లకు గంతలు కట్టుకుని గెంతుతుంటాడు. మన రోడ్ల మీద అది కుదరదు.

నా ఓటు పాలడిన్‌కు. కత్తి, డాలు, దైవభక్తి మూడూ ఉన్నాయి. ఒకరిని అడగకుండా తన గాయం తానే మాన్పుకోగలడు, ప్రాణం మీదికొస్తే చెయ్యి వేసి నిలబెట్టగలడు. పెట్రోలు ఒడిశా బంకులో కొట్టించి, పెద్దాసుపత్రికి శ్రీకాకుళం వెళ్లే సరిహద్దు గృహస్థుకు ఇదే తగిన క్లాసు. ఒక్కటే లోపం, అతనికో మెరిసే బుడగ ఉంది. అందులోకి దూరితే ఏ దెబ్బా తగలదు, కానీ రాక్షసుడు పక్కవాళ్ల మీద పడతాడు. ఈ విద్య మన నాయకులకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

అయితే ఎంపికకు ముహూర్తం చూసుకోవాలి. ఇవాళ బలంగా ఉన్న క్లాసును కంపెనీ రేపు నెర్ఫ్ చేస్తుంది, అంటే దాని బలం తగ్గిస్తుంది. అమెరికా సర్వర్లకు ఇలాంటి మార్పులు తెచ్చే కొత్త ప్యాచ్‌లు సాధారణంగా దిగేది మంగళవారం. మంగళవారం కొత్త పని మొదలుపెడితే ఏమవుతుందో మన అమ్మమ్మలు ముందే చెప్పారు, కంపెనీ వాళ్లే వినలేదు.

మరో మాట, కొఠియా కుర్రాడెవరైనా ట్యాంకుగా చేరితే కంపెనీ జాగ్రత్తపడాలి. బహుమతి సంచులు రెండు అడుగుతాడు. కాదంటే రెండు రాష్ట్రాల కార్డులూ తీసి బల్ల మీద పెడతాడు.