గాలి మల్లన్నది, స్టిక్కర్ మనది

వారాంతపు బైకు యాత్రలకు మన దగ్గర ఒక శాస్త్రం ఏర్పడి చాలాకాలమైంది. దాన్ని ఎవరూ గ్రంథస్థం చేయకపోవడం తెలుగుజాతికి తీరని లోటు. ఆ లోటు తీర్చడానికే ఈ వ్యాసం. ఈ శాస్త్రానికి మూలసూత్రం ఒక్కటే: బండిలో ఫోటోకి కనిపించే భాగాల బాధ్యత రైడరుది, కనిపించని భాగాల బాధ్యత శ్రీశైలం మల్లన్నది. స్టిక్కరు, క్రాష్ గార్డు, అదనపు లైట్లు, హెల్మెట్ మీద కెమెరా రైడరు పద్దులోకి వస్తాయి. టైర్లో గాలి, క్లచ్ కేబుల్, బ్రేక్ ఆయిల్, చైను స్వామివారి పద్దులోకి పోతాయి. ఈ పంపకం ఇన్నేళ్లుగా సాఫీగా నడుస్తోందంటే ఆ గొప్పంతా రెండో పార్టీదే.

చర్చ గాలిలో తేలకుండా హైదరాబాద్ నుంచి శ్రీశైలం దారినే తీసుకుందాం. 765వ నంబరు జాతీయ రహదారి. తుక్కుగూడ, కడ్తాల్, ఆమనగల్లు, డిండి, మన్ననూరు, అడవి, దోమలపెంట, డ్యామ్. పోను 215 కిలోమీటర్లు, రానూపోనూ 430. వాట్సాప్ గ్రూపులో "పక్కా మామా" అన్నవాళ్లు ఇరవై మంది దాటితే తుక్కుగూడ బంకు దగ్గర ఆరుగురు తేలతారు. దీన్ని తప్పుపట్టడానికి లేదు. గుంపు పెద్దదైతే రెండుగా చీల్చుకోవాలని తెలిసినవాళ్లు ఎలాగూ చెబుతారు. ఆ పని మన అలారాలే చేసిపెడుతున్నాయి.

ఇక ముహూర్తం. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర అడవి దారి రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు. తెల్లారుజామున 4కి కదిలితే గేటు తీసిన కాసేపటికే అక్కడుండొచ్చు, ఎండెక్కకముందే ఘాట్ దాటొచ్చు. అందుకే తీర్మానం ఎప్పుడూ 4 గంటలకే జరుగుతుంది. 4కి మొదటివాడు "లేచా" అని మెసేజ్ పెట్టి మళ్లీ పడుకుంటాడు. ఏడుంపావుకి బండ్లు కదులుతాయి. గేటు మాత్రం రాత్రి 9కే పడుతుంది, దానికి గ్రూపులో సభ్యత్వం లేదు. కాబట్టి పొద్దున పోయిన మూడు గంటల్ని సాయంత్రం ఘాట్ మలుపుల్లో వడ్డీతో సహా రాబట్టాలి. చీకటి పడే వేళ ఆ మలుపుల్లో కనిపించే ధైర్యసాహసాల వెనక ఉన్నది ఈ లెక్కే.

లక్షలు పోసి బండి కొన్నవాడికి ప్రభుత్వం చేసిన అవమానం ఒకటి ఇక్కడే నమోదు చేయాలి. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీదికి టూవీలర్‌ను రానివ్వరు. నాలుగొందల సీసీ బండి కూడా సర్వీసు రోడ్డులో గేదెల వెనకే పోవాలి. నష్టపరిహారంగా జాతీయ రహదారి మీద టూవీలర్‌కు టోల్ లేదు. టోల్ గేటు ఎడమ పక్క సందులోంచి పోతున్నప్పుడు రైడర్లు యాక్సిలేటర్ ఎందుకు తిప్పుతారో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

శుక్రవారం రాత్రి జరిగే ప్రధాన క్రతువు బండి కడగడం. ఫోటోలున్నాయి కాబట్టి తప్పదు. ప్రెషర్ గొట్టం ఎదురుగా పెట్టి చైను మీద కొట్టిస్తే మట్టితోపాటు ఉన్న కాస్త గ్రీజూ పోయి చైను అద్దంలా మెరుస్తుంది. శాస్త్రం తెలియని ముసలి మెకానిక్కులు వేరే పద్ధతి చెబుతుంటారు. చైనును కిరసనాయిలుతో, మెత్తటి బ్రష్షుతో తుడవాలి, పెట్రోలు వాడితే లింకుల మధ్య రబ్బరు రింగులు పాడవుతాయి. పూర్తిగా ఆరాక, చైను గోరువెచ్చగా ఉండగా లోపలి వైపు లూబ్ కొట్టాలి, అరగంట కదపకూడదు, ప్రతి 500 కిలోమీటర్లకూ మళ్లీ కొట్టాలి. కింది వరస మధ్యలో వేలుతో ఎత్తి చూస్తే చాలా బండ్లకు 25 నుంచి 30 మిల్లీమీటర్ల ఆట ఉండాలి. చక్రం తిప్పుతూ ఎక్కడ బాగా బిగుతుగా ఉందో అక్కడే కొలవాలి. వెనక మనిషీ సామానూ ఎక్కితే సస్పెన్షన్ కూర్చుని చైను ఇంకా బిగుస్తుంది. ఖాళీ బండి మీద తీగలా బిగించిన చైను, లోడు పడ్డాక గేర్‌బాక్సు బేరింగును తినేస్తుంది. ఇదంతా ఇరవై నిమిషాల పని. అయితే చైను కవరు కింద ఉంటుంది, ఫోటోలో పడదు. సూత్రం ప్రకారం స్వామి పద్దు.

గాలి సంగతి ఇంకా సులువు. బంకులో కుర్రాడు "ఎంత కొట్టాలన్నా?" అంటాడు. "నలభై కొట్టెయ్ తమ్మీ, లాంగ్ పోతున్నం" అనడం సంప్రదాయం. ముందు ఎంత, వెనక ఎంత, ఒక్కరైతే ఎంత, ఇద్దరైతే ఎంత అన్నది బండి మీద స్టిక్కరు రూపంలోనే అంటించి ఉంటుంది. అయితే అది కంపెనీ అంటించిన స్టిక్కరు, మనం అంటించింది కాదు, కనక చదవనక్కర్లేదు. టైరు చల్లగా ఉన్నప్పుడు కొలవాలని అందులోనే ఉంటుంది. వంద కిలోమీటర్లు నడిచాక కొలిస్తే వేడికి నాలుగైదు పీఎస్ఐ ఎక్కువ చూపిస్తుంది. అది చూసి గాలి తీసేసేవాడు మేధావి వర్గంలోకి వస్తాడు.

పంక్చర్ దగ్గర సమాజం రెండు కులాలుగా విడిపోతుంది, ట్యూబున్నవాళ్లూ ట్యూబులేనివాళ్లూ. ట్యూబ్‌లెస్ వాడి పని పది నిమిషాలు. మేకును వెంటనే పీకకూడదు, ముందు సామాను సిద్ధం చేసుకోవాలి. పీకాక బరమా లాంటి పనిముట్టును రంధ్రంలో నాలుగైదుసార్లు ఆడించాలి. జిగురు పట్టీని సూదిలో సగానికి ఎక్కించి, సొల్యూషన్ రాసి, కొసలు కాస్త బయట మిగిలేలా గుచ్చి, సూదిని ఒక్క ఊపున లాగాలి. మిగిలిన కొసలు మూడు మిల్లీమీటర్లు ఉంచి కోయాలి. తర్వాత గాలి. ఇక్కడే చిక్కు. గుంపులో కెమెరాలు అయిదు, గాలి కొట్టే పంపు ఒకటి, ఆ ఒక్కటీ సంచిలో పెట్టుకున్నవాడు ఇరవై కిలోమీటర్ల ముందు డ్రోన్ ఎగరేస్తుంటాడు.

పాత కళ కోసం స్పోకు చక్రాలు కొన్నవాడి పరిస్థితి వేరు. ట్యూబులో మేకు దిగితే గాలి ఒక్కసారిగా పోతుంది. "అదిగో, షాపు కనిపిస్తోంది" అని గాలి లేకుండా అరకిలోమీటరు తోలితే టైరు రిమ్ము మీద జారి, ట్యూబు వాల్వు మొదట్లో తెగుతుంది. అది ప్యాచీకి లొంగదు. షాపతను చక్రం వైపు ఒకసారి, రైడరు వైపు ఒకసారి చూసి "ఇది నా దగ్గర్ల ఉండదన్నా, స్ప్లెండర్‌దైతే ఉంది" అంటాడు. వెనక చక్రానికి పట్టే 120/80-18 సైజు ట్యూబు ఊరి షాపులో దొరకడం కష్టం, ముందు చక్రం 19 అంగుళాలది కాబట్టి దాని ట్యూబు ఊసే ఎత్తొద్దు. ముందుకొకటి, వెనక్కొకటి ట్యూబులు సంచిలో వేసుకుంటే సరిపోయేది. ఆ జాగాలో ట్రైపాడ్ ఉంది. చక్రం ఊడదీద్దామంటే సెంటర్ స్టాండు లేదు, బరువుగా ఉంది, లుక్కు పాడుచేస్తోందని పోయిన నెలే తీయించారు. ఇప్పుడు ఆరుగురు రైడర్లు, పన్నెండు వేల జాకెట్లతో, ఇంజను కింద పెట్టడానికి సరైన రాయి కోసం వెతుకుతారు.

క్లచ్ కేబుల్‌ది మరీ విషాదం, ఎందుకంటే అది చెప్పి చస్తుంది. లివరు దగ్గర, చిన్న గుండు ఉండే చోట, లోపలి తీగల్లో ఒక్కొక్క పోగూ తెగుతూ వస్తుంది. లివరు గట్టిపడుతుంది, గరగరమంటుంది, గేర్లు సరిగా పడవు. నెలరోజులు ఇలా మొత్తుకున్నాక ఆఖరి పోగు తెగుతుంది. కొత్తది మూడు నాలుగొందలు. ఇంకా తెలివైనవాళ్లు కొత్త కేబుల్‌ను పాతదాని పక్కనే పరిచి, రెండు కొసలకూ టేపు చుట్టి వదిలేస్తారు. తెగినరోజు రెండు చివర్లూ మార్చి తగిలించి పది నిమిషాల్లో కదులుతారు. మన శాస్త్రంలో మాత్రం కేబుల్ తెగాక జరగాల్సింది వేరే ఉంది. బండిని ఇద్దరు తోస్తారు, ఫస్ట్ గేర్లో ఇంజను అందుకుంటుంది, రైడరు ఆగకుండా పోతాడు. ఆగితే మళ్లీ తోయాలి కాబట్టి స్పీడు బ్రేకర్లూ, మేకల మందలూ, చౌరస్తాలూ అన్నిటినీ ఒకే గౌరవంతో దాటేస్తాడు.

లైట్ల గురించి రెండు మాటలు. నాలుగు పెట్టిస్తారు. రిలే (ఎక్కువ కరెంటును విడిగా నడిపే స్విచ్చు), విడిగా 15 ఆంపియర్ల ఫ్యూజు వేసి నేరుగా బ్యాటరీ నుంచి వైరు లాగాల్సింది, షాపులో హెడ్‌లైటు వైరుకే ముడేస్తారు. వైరు తొడుగు కరిగి, ఫ్యూజు పోయి, చీకట్లో అసలు లైటు కూడా ఆరిపోతుంది. అప్పటిదాకా ఎదురొచ్చే బస్సు డ్రైవరు కళ్లు చెదిరినందుకు అది ప్రకృతి చేసిన న్యాయమని కొందరి వాదన.

గుంపుగా పోవడానికీ పద్ధతి ఉందంటారు. ముందువాడు తన లేనులో కుడి వారన, రెండోవాడు ఎడమ వారన ఒక సెకను వెనక, మూడోవాడు మళ్లీ కుడివారన ముందువాడికి రెండు సెకన్ల వెనక. మలుపుల్లో ఒకే వరస. కొత్తగా వచ్చినవాడు రెండో స్థానంలో, అనుభవం ఉన్నవాడు పనిముట్లతో చిట్టచివర. ప్రతివాడూ అద్దంలో తన వెనకవాణ్ణి చూసుకుంటూ, చౌరస్తాలో అతను కనిపించేదాకా ఆగాలి. మన దగ్గర ఈ క్రమాన్ని ప్రజాస్వామ్యబద్ధం చేశాం. అనుభవం ఉన్నవాడు ముందు పోతాడు, అతన్ని అందుకోవాలని అందరూ పోతారు, కొత్తవాడు ఒంటరిగా కొట్ర చౌరస్తాలో కల్వకుర్తి వైపు పోతాడు. అతను లేడన్న సంగతి డిండి దగ్గర టీలు లెక్కపెట్టేటప్పుడు బయటపడుతుంది.

ఆ టీకొట్టు ముందు నుంచే ఒక స్ప్లెండర్ పోతుంది. 97.2 సీసీ ఇంజను, 9.8 లీటర్ల ట్యాంకు. పంచె కట్టుకున్న పెద్దాయన, వెనక భార్య, మధ్యలో కొబ్బరికాయల సంచి. లీటరుకు అరవై ఇచ్చినా ఒక్క ట్యాంకుతో హైదరాబాద్ నుంచి మల్లన్న దగ్గరికి పోయి తిరిగి రావచ్చు. మన వీరులు 13 లీటర్ల ట్యాంకుకు 30 చొప్పున లెక్కేసి, మన్ననూరు దాటాక బంకు వెతుకుదామనుకుంటారు. అడవిలో బంకు మీద ఆశ పెట్టుకోకూడదు, ఫోను సిగ్నలు మీద అసలు పెట్టుకోకూడదు. ఈ స్ప్లెండర్ దంపతులు ఇదే ప్రయాణం ఏటా ఏ పేరూ పెట్టకుండా చేస్తున్నారు కాబట్టి దీన్ని రైడుగా గుర్తించడం కుదరదు.

మన్ననూరు దాటితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం, 2,611 చదరపు కిలోమీటర్లు. సైలెన్సర్‌లో శబ్దం తగ్గించే ముక్కను పీకేయడానికి ఇంతకంటే అనువైన చోటు లేదు. 175 సీసీ దాటిన బండికి చట్టం ఇచ్చిన హద్దు 80 డెసిబెల్స్. పులులు ఫిర్యాదు చేయవు. కోతులకు అరటిపండ్లు వేయడం పుణ్యమనుకునే వర్గం కూడా ఇక్కడే ఆగుతుంది. పండు కోసం రోడ్డెక్కిన కోతి తర్వాతి బండి కింద పడితే ఆ లెక్క ఎవరి పద్దులో రాయాలో శాస్త్రం ఇంకా తేల్చలేదు.

ఇక డ్యామ్ వైపు దిగుడు. ఇక్కడ పెట్రోలు ఆదా చేసేవాళ్లను చూడొచ్చు. న్యూట్రల్‌లో వేసి, ఇంకా పొదుపరులైతే ఇంజను కూడా ఆపి జారుకుంటూ దిగుతారు. రెండో గేర్లోనో మూడో గేర్లోనో దిగితే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. న్యూట్రల్‌లో ఆ భారమంతా బ్రేకు ప్యాడ్ల మీద పడుతుంది. డాట్ 4 బ్రేక్ ఆయిల్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. అది గాలిలో తేమను పీల్చుకుంటుంది. తడి చేరాక ఆ అంకె 155 దాకా దిగొచ్చు. అందుకే రెండేళ్లకోసారి మార్చమంటారు. మరిగిన ఆయిల్లో ఆవిరి బుడగలు పుడతాయి, లివరు నొక్కితే నలిగేది బుడగలే, బండి ఆగదు. సరిగ్గా అప్పుడే కింది నుంచి ఆర్టీసీ బస్సు వెడల్పంతా తీసుకుని మలుపు తిరుగుతుంది. స్వామివారి పద్దులో అతి పెద్ద ఖర్చు రాసేది ఈ నాలుగైదు మలుపుల దగ్గరే.

గుడి దగ్గరికి చేరాక దర్శనం జరుగుతుందని అనుకోకండి. స్పర్శ దర్శనానికి పంచె కావాలి, మన దగ్గర మోకాళ్ల రక్షణ కవచాలున్నాయి. ఆరు హెల్మెట్లూ కెమెరాలూ ఎవరు కాపలా కాయాలన్న దాని మీద ఏకాభిప్రాయం కుదరదు. వచ్చినవాళ్ల హాజరు వేసుకుంటాడని పేరున్న సాక్షి గణపతి దగ్గర కూడా ఎవరూ ఆగరు, హాజరుకు ఫోనులో మ్యాపు గీత ఉంది కదా. శిఖరేశ్వరం నుంచి శిఖరం చూస్తే పునర్జన్మ ఉండదని నమ్మకం. హెల్మెట్ పట్టీ పెట్టుకోకుండా తిరుగు ఘాట్ ఎక్కేవాళ్లు అక్కడ ఆగి ఉంటే కాస్త భరోసాగా ఉండేది.

సోమవారం పొద్దున లెక్కలొస్తాయి. పెట్రోలు ఎవరిది వాళ్లదే, టీ టిఫిన్లు అందరివీ, మరి ట్యూబు? పాడైంది ఒక్కడి బండిది కాబట్టి అతనే పెట్టుకోవాలని అయిదుగురు అంటారు. రాయి వెతకడంలో అందరూ పాల్గొన్నారు కాబట్టి ఆరుగురూ పంచుకోవాలని అతనంటాడు. కల్వకుర్తి పోయినవాడు తను ఆ టీ కూడా తాగలేదని రసీదు అడుగుతాడు. ఈ వ్యవహారం బుధవారం దాకా సాగుతుంది. గురువారం ఎవరో లంబసింగి మ్యాపు పెట్టి, శనివారం పోయి ఆదివారం రాత్రికి ఇంట్లో ఉండొచ్చని రాస్తారు.