ఒకే చెక్క, నాలుగు నగరాలు

రియల్ ఎస్టేట్ వాళ్లను మనం ఊరికే ఆడిపోసుకుంటున్నాం. బ్రోషర్‌లో గడియారస్తంభం, రాళ్లు పరిచిన వీధి, వీధి పొడుగునా పూలకుండీలు చూపించారు, తీరా వెళ్తే తుమ్మచెట్లూ రెండు గేదెలూ ఉన్నాయి అని గగ్గోలు పెడుతున్నాం. ఇది చరిత్ర తెలియక వచ్చే ఆవేశం. కాగితం మీది ఊరూ నేల మీది ఊరూ ఒకటే కావాలని ఏ పెద్దలూ శాసనం చెయ్యలేదు. అలా అక్కర్లేదని జర్మనీలోని న్యూరెంబర్గ్ పెద్దలు 1493లోనే తేల్చేసి, రెండు భాషల్లో అచ్చేసి మరీ పెట్టారు.

ఆ పుస్తకాన్ని న్యూరెంబర్గ్ క్రానికల్ అంటారు. సృష్టి మొదలైన రోజు నుంచి అచ్చుకు వెళ్లిన రోజు దాకా మొత్తం ప్రపంచ చరిత్ర. జులైలో లాటిన్‌లో వచ్చింది, డిసెంబరులో జర్మన్‌లో. రాసినాయన హార్ట్‌మన్ షెడెల్, వృత్తిరీత్యా వైద్యుడు. రాశాడంటే, అంతకుముందు వాళ్లు రాసిన వాటిలోంచి పేజీలకు పేజీలు దించాడు. ఆ రోజుల్లో దాన్ని పాండిత్యం అనేవారు. అచ్చువేసింది ఆంటన్ కోబర్గర్. బొమ్మలు వోల్గెముట్, ప్లైడెన్‌వుర్ఫ్ అనే ఇద్దరివి. తర్వాత్తర్వాత జగత్ప్రసిద్ధుడైన చిత్రకారుడు డ్యూరర్ చిన్నప్పుడు ఈ వోల్గెముట్ దగ్గరే పని నేర్చుకున్నాడు, పైగా కోబర్గర్ అతనికి జ్ఞానస్నానం నాటి ధర్మతండ్రి. ఊళ్లో అందరూ అందరికీ కావలసినవాళ్లే అన్నమాట.

ఇక అసలు విషయానికి వద్దాం. పుస్తకంలో బొమ్మలు 1809. ఆ రోజుల్లో బొమ్మను చెక్క పలక మీద చెక్కి, సిరా పూసి కాగితం మీద ఒత్తేవారు. అలా చెక్కిన చెక్కలు 645.

తేడా ఎలా పూడిందో తెలుసుకోవాలంటే పేజీలు తిప్పాలి. డమాస్కస్ అని ఒక బొమ్మ వస్తుంది: ప్రహరీ, బురుజులు, చూరుల మీద చూరులు. భలే ఉందే అనుకుని ముందుకెళ్తే ఫెరారా వస్తుంది. అదే ప్రహరీ, అవే బురుజులు. ఇంకాస్త పోతే మిలాన్. తర్వాత మాంటువా. ఆసియాలో ఎడారి అంచున ఉన్న ఊరికీ, ఇటలీలో మూడు ఊళ్లకీ ఒకే చెక్క. పైన పేరు మాత్రం మార్చారు, అందులో ఒక్క అక్షరం తప్పు పోలేదు. దాన్ని నిబద్ధత అనాలి.

రాజులకూ పోప్‌లకూ ఇదే న్యాయం. ఒక ముఖం ఒక పేజీలో చక్రవర్తి, ఇరవై పేజీల తర్వాత ఇంకో చక్రవర్తి. కిరీటం ఉంది, గడ్డం ఉంది, ఇంకేం కావాలి? పదవి శాశ్వతం, మనిషి తాత్కాలికం అనే వేదాంతాన్ని ఇంత తక్కువ ఖర్చుతో చెప్పినవాళ్లు లేరు.

దీన్ని చూసి నవ్వే హక్కు తెలుగువాళ్లకు మాత్రం లేదు. మన నాటక సమాజాల దగ్గర ఎన్ని తెరలుండేవి? దర్బారు తెర ఒకటి, వీధి తెర ఒకటి, అడవి తెర ఒకటి. సోమవారం రాముడు నిలబడితే ఆ దర్బారు అయోధ్య, మంగళవారం దుర్యోధనుడు మీసం దువ్వితే హస్తినాపురం, బుధవారం ద్వారక. 'అదేమిటండీ, ద్వారక స్తంభం మీద నిన్నటి హస్తినాపురం మరక అలాగే ఉంది' అని ముందు వరసలో కూర్చున్న మునసబు గారు కూడా అడగలేదు. పద్యం బావుంటే వన్స్‌మోర్ కొట్టి ఇంటికెళ్లాం. పాత ఫోటో స్టూడియోల సంగతి చెప్పనే అక్కర్లేదు. మా జిల్లాలో సగం పెళ్లిళ్లు ఒకే హంసల చెరువు ముందు జరిగాయి. ఆ చెరువు ఎక్కడుందో ఇప్పటికీ ఎవరూ కనిపెట్టలేదు.

అయితే ఒక్క ఊరి విషయంలో మాత్రం వాళ్లు పొదుపు పాటించలేదు. ఏ ఊరో మీరు ఊహించే ఉంటారు. న్యూరెంబర్గ్ బొమ్మ రెండు పేజీలు నిండా పరుచుకుని ఉంటుంది, మధ్యలో వచనం చొరబడే సందు కూడా లేదు. పైన కొండ మీద చక్రవర్తి కోట. కింద రెండు వరసల ప్రహరీ. మధ్యలో ఒకదాన్ని ఒకటి తోసుకుంటున్న ఇళ్ల కప్పులు. వాటి మధ్య రెండు పెద్ద చర్చిలు, ఏది సెయింట్ సెబాల్డ్‌దో ఏది సెయింట్ లోరెంజ్‌దో తికమక పడకుండా గోపురాల దగ్గర పేర్లు కూడా రాశారు. కుడివైపు మూలన, ఊరి బయట, నది ఒడ్డున చిన్న ఇళ్ల గుంపు ఉంటుంది. అది కాగితం మిల్లు. 1390లో పెట్టింది, ఆల్ప్స్ పర్వతాలకు ఉత్తరాన అలాంటిది అదే మొదటిదంటారు. మాంటువాకు సొంతంగా ఒక్క బురుజు దక్కలేదు, ఇక్కడ మిల్లు షెడ్లు కూడా వదలకుండా చెక్కారు. కాకిపిల్ల కాకికి ముద్దు, అంతే. వీధులు మాత్రం వెతికినా కనపడవు, గోడల వెనక ఎక్కడో ఉంటాయి. వీధిలో ఏం పారుతోందో చూపించాల్సిన అవసరం కూడా దాంతో తప్పింది.

న్యాయంగా చెప్పాలంటే ఇంకో ముప్పై దాకా ఊళ్లకు కూడా కొంచెం నిజమైన బొమ్మలే దక్కాయి. వెనిస్, రోమ్, ప్రాగ్, క్రాకోవ్ అందులో ఉన్నాయి. వెనిస్ బొమ్మకు ఆధారం అంతకు ఏడేళ్ల ముందు అచ్చయిన ఒక యాత్రా పుస్తకం. చూసి వేసినవాడి బొమ్మను చూసి వేశారు. నిజానికి అదీ ఒక రకమైన ప్రయాణమే.

మన దేశానికి ఏం చోటిచ్చారని అడుగుతారేమో, ఇచ్చారు. పుస్తకం మొదట్లోనే వింత మనుషుల వరస ఒకటుంది: తన పాదాన్నే గొడుగులా పట్టుకుని పడుకున్న ఒంటికాలి వాడు, తల లేక ఛాతీ మీద కళ్లున్నవాడు. వాళ్లలో కుక్క తలకాయ మనిషి కూడా ఉన్నాడు. భారతదేశంలో ఇలాంటివాళ్లుంటారనీ, మొరుగుతూ మాట్లాడతారనీ పక్కన వివరం. పాత గ్రీకు, రోమన్ పుస్తకాల నుంచి వస్తున్న మాటే లెండి. కొందరు దీనికి నొచ్చుకుంటారు. నేను నొచ్చుకోను. మిలాన్‌కు సొంత చెక్క లేదు, మనకుంది.

వ్యాపారం కూడా ముచ్చటగానే సాగింది. బొమ్మలు ముందే బయటికి పొక్కకుండా కోబర్గర్ తన ఇంట్లో తాళం పడే గది ఒకటి ఇవ్వాలని ఒప్పందంలో రాసుకున్నారు. నాలుగు ఊళ్లకు ఒకే చెక్క అన్న సంగతి దాచాల్సిన రహస్యమే మరి. పుస్తకం రాగానే ప్రకటన కాగితం వేశారు: ఇది చదువుతున్నట్టు ఉండదు, కళ్లారా చూస్తున్నట్టే ఉంటుంది అని. ఆ మాటకు నేటికీ కాలం చెల్లలేదు, నిన్న మా వాట్సాప్‌కు కూడా వచ్చింది. ఇంత చేసినా 1509లో పెట్టుబడిదారులతో లెక్కలు తేల్చుకునేసరికి ఇంకా 500 పైచిలుకు ప్రతులు అమ్ముడుపోకుండా మిగిలాయి. ఎందుకంటే ఆగ్స్‌బర్గ్‌లో షోన్‌స్పెర్గర్ అనే ఆయన 1496లోనే దీనికి చిన్న సైజు నకలు చవకగా వేసి మార్కెట్‌లోకి వదిలాడు. దించి రాసిన పుస్తకాన్ని దించేస్తే న్యూరెంబర్గ్ వాళ్ల మనసు ఎంత కష్టపడి ఉంటుందో పాపం.

అంత మురిపెంగా చెక్కుకున్న ఊరు 1945 జనవరి 2 రాత్రి బాంబులకు చాలావరకు నేలకూలింది. ఆ రెండు చర్చిలూ దెబ్బతిన్నాయి. తర్వాత రాయి రాయీ ఏరి మళ్లీ కట్టుకున్నారు. కొండ, కోట, రెండు జతల గోపురాలు ఈవేళ్టికీ ఆ పాత బొమ్మలో ఉన్న వరసలోనే కనిపిస్తాయి. ఇక్కడ వ్యంగ్యానికి నాకేమీ దొరకలేదు, ముందుకు పోదాం.

పోయిన ఏడాది మా ఇంట్లో కూడా బ్రోషర్ల శాఖ ఒకటి వెలిసింది. శివార్లలో ప్లాటు చూద్దామని వెళ్లినప్పుడు ఏజెంటు కుర్రాడు కారు బానెట్ మీద బ్రోషర్ పరిచాడు. గడియారస్తంభం, రాళ్ల వీధి, ఎర్ర బెలూన్ పట్టుకుని నడుస్తున్న పిల్లాడు. మా ఆవిడ బ్యాగులోంచి ఇంకో బ్రోషర్ తీసి పక్కన పెట్టింది. ఊరికి అటు చివర, వేరే కంపెనీ, వేరే పేరు. అందులోనూ అదే స్తంభం, అదే పిల్లాడు. గడియారంలో టైము కూడా పదీ పదే.

"ఏంటి బాబూ, ఈ పిల్లాడు రెండు చోట్లా ఉన్నాడు?" అంది.

కుర్రాడు తడుముకోలేదు. "గ్రోత్ రెండు వైపులా ఉంది కదా మేడమ్."

"మరి ఈ వీధి ఎక్కడొస్తుంది?"

"అది ఆర్టిస్ట్ ఇంప్రెషన్ మేడమ్. కింద రాశాం చూడండి, చిత్రం నమూనా మాత్రమే అని."

రాశారు. చీమ తలకాయంత అక్షరాల్లో, కానీ రాశారు. కోబర్గర్ ఆ మాత్రం కూడా రాయలేదని గుర్తొచ్చి నాకు ఆ కుర్రాడి మీద గౌరవం పుట్టింది. టెన్షన్ పోయి అడ్వాన్స్ ఇచ్చేశాను. ఇలాంటి పనులు పాండిత్యం ఉన్నవాళ్లే చేస్తారని మా ఆవిడ దారంతా అంటూనే ఉంది.

చెప్పడం మర్చిపోయాను. షెడెల్ పుస్తకం చివర్లో, ప్రళయం ఘట్టానికి ముందు కొన్ని పేజీలు ఖాళీగా వదిలారు. ఇక్కడి నుంచి లోకం అంతమయ్యేదాకా జరగబోయేవి కొనుక్కున్నవాళ్లే రాసుకోవాలని. మా బ్రోషర్ చివర కూడా గీతలు కొట్టిన ఖాళీ పేజీ ఒకటుంది. ఆ రాత్రి మా ఆవిడ దాని మీద ఈఎంఐ లెక్క వేసింది. 2041 దగ్గర పేజీ అయిపోయింది. అట్ట మీద, పిల్లాడి బెలూన్ పక్కన కాస్త జాగా ఉంటే మిగతాది అక్కడ వేసింది.