కాలం లేదు కానీ ఉద్దేశం ఉంది

'స్టార్ ట్రెక్' కథల కోసం కల్పించిన క్లింగన్ భాషలో క్రియకు భూత, వర్తమాన, భవిష్యత్తులు లేవు కాబట్టి అది అరకొర భాష అని, ఎస్పరాంతో మాత్రం సులువని కల్పిత భాషల మీద వచ్చిన వ్యాసంలో తేల్చేశారు. ఇది అన్యాయమండీ. 'నిన్న', 'రేపు' లాంటి మాటలతోనో సందర్భంతోనో అక్కడ కాలం తెలిసిపోతుంది. క్రియ చేసే పని వేరు: పని పూర్తయిందా, సాగుతోందా చెప్పడం.

1985లో వచ్చిన నిఘంటువులో ఆ భాషను రూపొందించిన మార్క్ ఓక్రాండ్ దీన్ని వివరించాడు. పూర్తయిన పనికి రెండు ప్రత్యయాలు. 'వాళ్లు అతన్ని చంపారు' అనే వాక్యంలో 'తా' చేరిస్తే కావాలనే చేశారని, 'పు' చేరిస్తే పొరపాటున జరిగి ఉండొచ్చని. కోర్టులో లాయర్లు రోజంతా కొట్టుకునే తేడా ఇది, ఒక్క అక్షరంలో! సాగుతున్న పనికీ రెండున్నాయి: గమ్యం తెలిసిన పనికి 'లి', తెలిసినా తెలియకపోయినా 'తాహ్'. క్షిపణి లక్ష్యం వైపు దూసుకొస్తుంటే 'లి'. టెన్షన్ కూడా వ్యాకరణంలోనే ఉందన్నమాట.

ఆ మాటకొస్తే మన 'వస్తాడు'లో రేపు వస్తాడా, రోజూ వస్తాడా? అదీ సందర్భమే చెప్పాలి.

ఇక అంతర్జాతీయ భాషగా తయారుచేసిన ఎస్పరాంతో సులువన్నది మాత్రం సగమే నిజం. వర్తమానానికి ఆస్, భూతానికి ఇస్, భవిష్యత్తుకు ఓస్ అని మూడు కాలాలు, 'అయితే గియితే'లకు ఉస్, ఆజ్ఞకు ఉ, ఇంతవరకు హాయి. కర్మణి ప్రయోగంలో 'ఆత' (జరుగుతున్నది), 'ఇత' (జరిగిపోయినది)ల్లో ఏది వాడాలన్న దగ్గరే పండితులు ఏళ్ల తరబడి జుట్లు పట్టుకున్నారు. 1967లో వాళ్ల అకాడమీ తీర్పు ఇవ్వాల్సి వచ్చింది. వ్యాసంలో ఆ గొడవ ఊసే లేదు.