ఎర్ర లైటు సంగతి తేల్చమని మా క్యాంపర్ వ్యాను గారికి

మహారాజశ్రీ ఫోక్స్‌వ్యాగన్ క్యాంపర్ వ్యాను గారికి, తమరి డ్రైవరు, క్లీనరు, అవసరమైనప్పుడు తోయువాడు రాసుకునే ఉత్తరం.

ఉభయకుశలోపరి అని రాయడానికి చెయ్యి రావడం లేదు. నేను కుశలంగా లేనని తమరికి తెలుసు. తమరు కుశలంగా లేరని మొన్న ఆదివారం ఆ దారిన పోయిన ప్రతివాడికీ తెలుసు. మధ్యాహ్నం ఒంటి గంట నుంచి అయిదున్నర దాకా, ఒక్క చెట్టు లేని మలుపులో, తమరి వెనక తలుపు ఎత్తి ఆ జానెడు నీడలో కూర్చున్నాను. ఈ ఉత్తరం మొదటి ముక్క అక్కడే మనసులో రాసుకున్నాను. అది ఇక్కడ రాయదగ్గది కాదు.

చిన్నాచితకా సంగతులు ఎత్తను. వేడిగాలి గొట్టాలు చలికాలంలో రమ్మంటే రావు, ఎండాకాలంలో పొమ్మంటే పోవు, తమరి చిత్తం. ఇంజను వేడి మీదుంటే సెల్ఫ్ కొట్టదు. తోయడం ఒంటికి మంచిదే. ముందద్దం రబ్బరు కింద తుప్పుకు రంగు వేయించిన ప్రతిసారీ అది రెండంగుళాలు జరిగి కొత్త కాపురం పెడుతుంది, పెట్టనీండి. లోపల పడుకోవడానికి పైకి లేపిన కప్పు వానలో దిగనని మొరాయించిన రాత్రి సంగతి మీరూ మా ఆవిడా తేల్చుకోండి.

నాకు కావలసిందల్లా ఒక్కటే. ఆ ఎర్ర లైటు.

తమరికి జ్వరం వస్తే చూసుకోవడానికి మీటరు లేదు. రేడియేటరూ లేదు, నీళ్ళూ లేవు గనక బుసబుస ఆవిరి కక్కే మర్యాద కూడా లేదు. ఒకే ఒక్క బెల్టు డైనమోని తిప్పుతుంది. ఇంజనుకు గాలి కొట్టే ఫ్యాను ఆ డైనమో ఇరుసుకే రెండో చివర ఉంటుంది. అంటే బెల్టు తెగితే చార్జింగ్ పోయినట్టు, చార్జింగ్‌తో పాటు గాలీ పోయినట్టు. ఈ ఘోరమంతా నాకు చెప్పడానికి తమరు పెట్టుకున్న ఏకైక దూత ఆ శనగగింజంత లైటు. గింజైతేనేం, నిజం చెబితే చాలు.

చెప్పిందా? మూడు నెలలు ఊరికే మిణుకు మిణుకుమంది. తమరి భక్తబృందాన్ని, అంటే తమరి జాతి బండ్లున్నవాళ్ళని, అడిగాను. ఒకాయన కార్బన్ బ్రష్షులు అరిగాయన్నాడు. మార్చాను. ఇంకొకాయన రెగ్యులేటర్ అన్నాడు. మార్చాను. మూడో ఆయనకు ఏ రోగానికైనా ఒకటే మందు: "ఎర్త్ చూశావా?" ఎర్త్ వైరు విప్పి, గీకి, బిగించి, దణ్ణం కూడా పెట్టాను. మిణుకు ఆగలేదు. నాలుగో ఆయన ఫోన్లోనే తేల్చేశాడు: "మాదీ అంతే బాబూ, పదకొండేళ్ళ నుంచీ. పట్టించుకోకు." ఖర్చు లేని వైద్యం, వెంటనే గుణమిచ్చింది. బెల్టు బిగువు అందరూ చూడమన్నారు గానీ దాని వయసెంతని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఇక ఆదివారం నాన్నా పులి కథ. ఎత్తు ఎక్కుతున్నాం, రెండో గేరు, తమరి 50 గుర్రాల్లో మేలుకున్నవెన్నో తెలియదు. లైటు నిండుగా వెలిగింది. సరిగ్గా డ్యాష్‌బోర్డు మీద ఎండ పడేచోట! కనపడలేదు. కనపడినా నమ్మేవాణ్ణి కాదు. కాగిన ఆయిల్ వాసన ముక్కుకు తగిలాక ఆపాను.

మూడు నెలలు అబద్ధమాడి, నిజం చెప్పాల్సిన ఒక్క రోజూ ఎండ చూసుకుని చెప్తావా? సిగ్గుందా? 1971లో పుట్టావు, నాకంటే పెద్దదానివని ఇన్నాళ్ళూ మీరు, తమరు అన్నాను. ఇక అనను. 1947లో బెన్ పోన్ అనే డచ్చాయన నోటుబుక్కులో నాలుగు గీతలతో నీ జాతి మొదటి బొమ్మ గీసి ఇంజను వెనకాల పెట్టాడు, అందుకే కదా నీ బెల్టు తెగిన చప్పుడు ముందు కూర్చున్న నా చెవిన పడనిది! మీ బ్రెజిల్ చుట్టాలు చివరికి బుద్ధి తెచ్చుకుని నీళ్ళతో చల్లబడే ఇంజనుకు మారి 2013 దాకా నడిచారు. నీకేం రోగం?

కొత్త బెల్టు నా దగ్గరుంది. అది తిరిగే డైనమో పుల్లీ నట్టుకు 21 స్పానర్ కావాలి. నా సెట్టులో 18-19 ఉంది, దాని పక్కనే 20-22 ఉంది. మధ్యలో 21 లేదు. భక్తులకు ఫోన్లు కొట్టాను. అయిదు నిమిషాల్లో ఆరుగురు పలికారు. ఇరవై నిమిషాలు తిరిగేసరికి ఇద్దరు నన్ను మరిచిపోయి, నీ ఇంజనుకు 30 గ్రేడ్ ఆయిల్ పొయ్యాలా 20-50 పొయ్యాలా అని మాటామాటా అనుకుంటున్నారు.

అయిదింటికి కింద మలుపులో నీ జాతి చప్పుడు వినిపించింది. బండి కనపడ్డానికి ఇంకో మూడు నిమిషాలు పట్టింది. పెద్దాయన దిగాడు, పలకరింపులు లేవు. పుల్లీ గాడిలో స్క్రూడ్రైవర్ దూర్చి, డైనమో బోల్టుకు ఆనించి, ఒక్క ఊపులో నట్టు వదిలించాడు. పుల్లీ రెండు సగాల మధ్యనున్న వాషర్లు అరచేతిలో పోసుకుని పైకే లెక్కపెట్టాడు. బెల్టు వేసి బొటనవేలితో నొక్కాడు. మరీ వదులు. మళ్ళీ విప్పి ఒక వాషర్ తీసి, పుల్లీ బయట, నట్టు కింద పెట్టి బిగించాడు. "పారేయకూడదు బాబూ. ఇక్కడే దాచుకుంటుందిది." ఈసారి వేలికింద ఒకటిన్నర సెంటీమీటర్లు దిగింది.

సెల్ఫ్ కొట్టగానే లేచావు. నాలుగున్నర గంటలు నిద్రపోయినదానిలా, ఏమీ ఎరగనట్టు. లైటు చూశాను. మిణుకు మిణుకు.

"మాదీ అంతే బాబూ," అన్నాడాయన.

అప్పుడు గుర్తుపట్టాను ఆ గొంతు. నాలుగో ఆయన! తన బండి దగ్గరికి తీసుకెళ్ళి డ్యాష్‌బోర్డు చూపించాడు. లైటు మీద నల్ల టేపు ముక్క, అంచులు అరిగి మెరుస్తోంది. వెళ్తూ వెళ్తూ 21 స్పానర్ నా చేతిలో పెట్టాడు, తన దగ్గర మూడున్నాయట. టేపు చుట్ట కూడా ఇవ్వబోయాడు గానీ, వద్దండీ అన్నాను.

వచ్చే ఆదివారం పొద్దున్నే వాల్వులు సరిచేస్తాను. ఇంజను చల్లగా ఉంటేనే గ్యాప్ సరిగ్గా వస్తుంది గనక శనివారం నిన్నెక్కడికీ తీసుకెళ్ళను. పడుకో.

ఇట్లు,
తోయువాడు