పది మందికి ఏడు కుర్చీల శాస్త్రం

ఆఫీసులో పది మంది పనిచేస్తుంటే పది కుర్చీలు వేయడం అనాగరికమట. ఏడు చాలునట. విజయవాడ బెంజి సర్కిల్ దగ్గరి ఒక హోటల్ హాల్లో మొన్న ఈ సత్యం ఆవిష్కృతమైంది. ఏ రోజు లెక్క తీసినా ఇద్దరు సెలవులో, ఒకరు టీ బండి దగ్గర ఉంటారు కాబట్టి, ఆ మూడు కుర్చీలూ ఊరికే చదరపు అడుగుల అద్దె తింటున్నాయని తెర మీద ఎర్ర గీత గీసి మరీ చూపించారు. కుర్చీ ఖాళీగా ఉండటం ఎంత పెద్ద నేరమో ఆ గీత చూసినవాళ్లకు గాని అర్థం కాదు.

ఇది ఫెసిలిటీ మేనేజర్ల సంఘం వారి సదస్సు. ఫెసిలిటీ మేనేజర్ అంటే ఎవరని అడిగేవారికి ఒక్క ముక్కలో చెబుతాను: లిఫ్టు ఆగినా, నీళ్లు రాకపోయినా, నెత్తిన ఏసీ కారినా మీరు ఎవరిని తిడతారో ఆయన. వీరికి 1980 నుంచే అంతర్జాతీయ సంఘం ఉంది. 2018లో ఐఎస్ఓ 41001 అని ఒక ప్రమాణం కూడా వచ్చింది. తిట్లు తినే ఉద్యోగమైనా ప్రమాణబద్ధంగా తినాలి కదా.

ఆ హాల్లో మాత్రం వచ్చినవాళ్లకు రెండింతల కుర్చీలున్నాయి. ముందు రెండు వరుసలకు తెల్ల గుడ్డ తొడిగి, వెనక ముడి కట్టి, రాని ముఖ్య అతిథుల కోసం ఆపి ఉంచారు. వాటి మీద ఎవరూ ఎర్ర గీత గీయలేదు.

ఈ ఏడు కుర్చీల పద్ధతి పేరు హాట్ డెస్క్. ఎవరి బల్లా వారిది కాదు, పొద్దున ముందు వచ్చినవాడిదే బల్ల. ఇది అమెరికాలో పుట్టిందని వక్త పరవశించిపోతుంటే నాకు ఊరి పౌరుషం పొడుచుకొచ్చింది. అయ్యా, సంక్రాంతి ముందు రోజు పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌కు ఒక్కసారి దయచేయండి. భీమవరం బస్సు ప్లాట్‌ఫారం మీదికి వచ్చి ఆగక ముందే కిటికీల్లోంచి కర్చీఫులు, తువ్వాళ్లు, చేతిసంచులు లోపలికి ఎగురుతాయి. కర్చీఫు పడిందంటే సీటు రిజిస్టరైపోయినట్టే. కాదన్నవాడితో గొడవ గుడివాడ దాకా నడుస్తుంది. యాప్ లేదు, సెన్సర్ లేదు, కన్సల్టెంటుకు ఫీజూ లేదు.

ఈ విద్య వచ్చిన ఊరి మీద హాట్ డెస్క్ ప్రయోగిస్తే ఏమవుతుందో ఒక ఆఫీసులో పనిచేసే మిత్రుడు కళ్లకు కట్టినట్టు చెప్పాడు. మొదటి వారం జనం పది గంటల ఆఫీసుకు ఎనిమిదింటికే వచ్చి ఒక బల్ల మీద ల్యాప్‌టాప్ సంచి, పక్క బల్ల మీద స్నేహితుడి కోసం టిఫిన్ క్యారియర్ పెట్టడం మొదలుపెట్టారు. సాయంత్రం వస్తువులు వదిలి వెళ్లకూడదని సర్క్యులర్ వచ్చింది. అప్పుడు అకౌంట్స్ విభాగంలోని ఒక పెద్దాయన కిటికీ పక్క బల్ల మీద వేంకటేశ్వరస్వామి పటం పెట్టి, ఒక పువ్వు ఉంచి, దణ్ణం పెట్టుకుని ఇంటికి వెళ్లిపోయారు. మర్నాడు ఆ బల్ల దగ్గరికి ఎవరూ వెళ్లలేదు. దేవుణ్ణి లేపే ధైర్యం ఏ యాప్‌కు ఉంటుంది? వారం తిరిగేసరికి మూడో అంతస్తులో కనకదుర్గమ్మ, సాయిబాబా, మరియమాత తలా ఒక బల్ల తీసుకున్నారు. దేవుళ్లను కూడా సాయంత్రం లాకర్లలో పెట్టి తాళం వేసుకోవాలని ఇంకో సర్క్యులర్. లాకర్లో చెప్పులు కూడా ఉంటాయి, అదే అరలో స్వామిని ఎలా పెడతాం అని ఒక వర్గం. పై అర దేవుడికి, కింది అర చెప్పులకు అని రాజీ సూత్రం తెచ్చిన ఇంకో వర్గం. పై అర తనకు అందదని పొట్టి ఉద్యోగి ఫిర్యాదు. దీని మీద ఒక ఉపసంఘం వేశారు. ఉపసంఘం కూర్చోవడానికి బల్ల దొరకలేదు.

బల్లల కింద ఒంటి వేడిని పసిగట్టే సెన్సర్లు కూడా పెట్టారట. ఒక బల్ల దగ్గర వేడివేడి సాంబారు గిన్నెను ఉద్యోగిగా లెక్కగట్టిందని, నెలాఖరు నివేదికలో ఆ గిన్నె హాజరు అందరికంటే మెరుగ్గా ఉందని మిత్రుడు ప్రమాణం చేసి చెప్పాడు. నేను నమ్మాను. ఆ నివేదికలు చూసినవారెవరైనా నమ్ముతారు.

వక్త చెప్పని కథ ఒకటుంది. 1990ల నడుమ లాస్ ఏంజెలెస్‌లో షియాట్ డే అనే ప్రకటనల కంపెనీ సొంత బల్లలన్నీ ఎత్తేసింది. ఉద్యోగులు పొద్దున వరుసలో నిలబడి ఫోను, ల్యాప్‌టాప్ తీసుకుని సాయంత్రం అప్పజెప్పాలి. పాపం వాళ్లు ఫైళ్లను కారు డిక్కీల్లో దాచుకుని ఆఫీసుకూ పార్కింగుకూ మధ్య తిరిగారు. కొన్నేళ్లకే ఆ ప్రయోగానికి మంగళం పాడారు. మన ప్రజెంటేషన్‌లో మంగళం పాడక ముందు భాగమే ఉంది. గోడలు కొట్టేస్తే మనుషులు కలిసిపోతారన్న సిద్ధాంతాన్ని కూడా హార్వర్డ్ పరిశోధకులు రెండు కంపెనీల్లో కొలిచి 2018లో ప్రచురించారు. ముఖాముఖి మాటలు దాదాపు 70 శాతం తగ్గి, ఈమెయిళ్లు పెరిగాయి. సరే, మన సంఘానికి ఇవన్నీ ఎందుకు, మనకు ఎర్ర గీత ఉంది.

ఏసీ గురించి ముప్పావు గంట చర్చించారు. 2020 జనవరి నుంచి కొత్త గది ఏసీలు 24 డిగ్రీల దగ్గరే మొదలయ్యేలా కేంద్రం నిబంధన పెట్టింది. ఆ ముక్క చెప్పి భోజనాలకు లేస్తే సరిపోయేది. బయట రోడ్డు పెనంలా కాలుతుంటే, లోపల హాలు చలికి ఆడవాళ్లు పమిట భుజాల చుట్టూ కప్పుకుని ఇంధన పొదుపు మీద నోట్సు రాసుకున్నారు. ఇదే ఊళ్లో 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్ నీట మునిగింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. సెల్లార్‌లోకి నీళ్లు వస్తే అక్కడే కాపురమున్న జనరేటర్, ప్యానల్ బోర్డు గతేమిటని ఒక కుర్రాడు లేచి అడిగాడు. మంచి ప్రశ్న అని మెచ్చుకుని, సమయాభావం వల్ల కూర్చోబెట్టారు. మంచి ప్రశ్నలకు మన దగ్గర జరిగే సన్మానం ఇదే.

మధ్యాహ్నం క్షేత్ర సందర్శన. ఊళ్లోనే ఒక ఆదర్శ కార్యాలయం చూపించారు. ఉయ్యాల బల్ల, బీన్ బ్యాగులు, గోడకు ప్లాస్టిక్ ఆకులు, ఒక మనిషి పట్టేంత మౌన గది, కళ్లు మూసుకోవడానికి వెల్‌నెస్ గది. ప్రతినిధులు ఉయ్యాల ఊగారు, మౌన గదిలో దూరి ఫొటోలు దిగారు. వెల్‌నెస్ గదిని నెలలో ఎంతమంది వాడతారని ఒకరు అడిగితే, ఇంకా ప్రారంభించలేదని, పెద్దవారెవరో రిబ్బను కత్తిరించాల్సి ఉందని చెప్పారు.

నాలుగో అంతస్తు నుంచి ఐదుకు లిఫ్టు రాలేదు. అన్ని లిఫ్టుల నిపుణులూ అక్కడే ఉన్నా రాలేదు. మెట్లెక్కాం. మలుపు దగ్గర ఐదుగురు హౌస్‌కీపింగ్ ఆడవాళ్లు ప్రింటర్ అట్టపెట్టె విప్పి పరుచుకుని అన్నం తింటున్నారు. స్టీలు డబ్బాల్లో గోంగూర, మజ్జిగ. పక్కనే గోడకు ఆనించిన మాప్ కర్రలు, ఫినాయిల్ వాసన. దారి చూపిస్తున్న అధికారి గొంతు తగ్గించి, "అమ్మా, కొంచెం లేవండమ్మా, మెట్ల దారికి అడ్డం ఉండకూడదు, నిప్పంటుకుంటే ఇదే దారి" అన్నాడు. నిబంధన ప్రకారం ఆయన మాట నూటికి నూరు పాళ్లు కరెక్టే. వాళ్లలో వయసు మళ్లినామె ఎంగిలి చెయ్యి పక్కకు పెట్టుకుని, డబ్బా మూత నోటితో పట్టుకుని లేచి నిలబడింది. మేమంతా ఒకరి వెనక ఒకరం "సారీ అమ్మా" అంటూ దాటుకుంటూ పోయి, ఐదో అంతస్తులో ఉద్యోగుల సంక్షేమం మీద తర్వాతి ప్రసంగం విన్నాం.

ఎర్ర గీతలు గీసిన మహానుభావులారా, ఆ ఐదుగురు మీ పది మందిలో ఉన్నారా, ఏడు కుర్చీల్లో ఉన్నారా? ఎందులోనూ లేరు. వాళ్లు కాంట్రాక్టరు మనుషులు. మీ తెర మీద కుర్చీకి లెక్క ఉంది, కాఫీ కప్పుకు లెక్క ఉంది, సాంబారు గిన్నెకు కూడా లెక్క ఉంది, మీ మరుగుదొడ్లు కడిగే మనిషికి లేదు. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టంలోనే తాగునీరు, మరుగుదొడ్డి, చేతులు కడుక్కునే చోటు, రాత్రి ఉండేవాళ్లకు విశ్రాంతి గది అని రాసి ఉండేది. కాంట్రాక్టరు ఇవ్వకపోతే అసలు యజమాని ఇవ్వాలని కూడా ఉండేది. దాని స్థానంలో 2020లో చేసిన కార్మిక కోడ్ ఆ భారాన్ని నేరుగా అసలు యజమాని నెత్తినే పెట్టింది. కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణాల్లో రోజంతా నిలబడేవాళ్లు కూర్చోవడానికి చోటుండాలని చట్టాలు సవరించాయి. అంటే ఈ దేశంలో మనిషి కూర్చోవడానికి అసెంబ్లీలో బిల్లు పెట్టాల్సి వచ్చింది, మీరేమో ఉన్న కుర్చీలు తగ్గించే శాస్త్రం చెప్పుకుంటున్నారు. గేటు దగ్గర ఎండలో నిలబడే సెక్యూరిటీ ఆయన కుర్చీ తీసేయించింది కూడా మీరే. కూర్చుంటే నిద్రపోతాడట! పన్నెండు గంటల డ్యూటీ చేయించి నిద్రపోతాడనడానికి నోరెలా వచ్చింది?

వచ్చే సదస్సు అంశం కుర్చీల వినియోగం, రెండో భాగం అని ఆహ్వానం అప్పుడే వచ్చేసింది. నేను వెళ్లను. సంఘం వారికి నా ప్రణాళిక ఇక్కడే ఇస్తున్నాను, ప్రజెంటేషన్ అక్కర్లేదు. రిబ్బను కట్టి తాళం వేసిన ఆ వెల్‌నెస్ గది తాళం తీయండి. అందులో రెండు బెంచీలు, ఒక ఫ్యాను, తాగునీళ్లు పెట్టి, చేతులు కడుక్కోవడానికి కుళాయి వేయించండి. బడ్జెట్ లేదంటే బల్లల కింది సెన్సర్లు పీకి అమ్మండి.